కళ్లం నుంచి కోతయంత్రం దాకా: తెలుగునాట పంటకోత ఆచారాలు

కోత మొదలైన నాటి నుంచి గింజ గాదెకో మిల్లుకో చేరేదాకా సేద్యపు కుటుంబాలు, వారి పనిలో పాలుపంచుకునే వృత్తుల వారు పాటించే కట్టుబాట్లు, మొక్కులు, పంపకాలు అన్నింటినీ కలిపి పంటకోత ఆచారాలు అని వ్యవహరిస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఇవి ఒక్క పండుగకో ఒక్క పంటకో పరిమితం కాలేదు. గోదావరి, కృష్ణా డెల్టాల వరిచేలలో ఒక తీరుగా, రాయలసీమ మెట్టపొలాల్లో మరో తీరుగా, మన్యం కొండవాలు పోడులో వేరొక తీరుగా సాగుతూ వచ్చాయి. గత అరవై ఏళ్లలో కొత్త వంగడాలు, ఎరువులు, ట్రాక్టరు, కోతయంత్రం, ప్రభుత్వ కొనుగోలు కేంద్రం ఒకదాని వెంట ఒకటి వచ్చి సేద్యం స్వరూపాన్నే మార్చివేసినా ఆచారాలన్నీ ఒకే రీతిన చెదిరిపోలేదు. పనిలో కలిసిపోయిన ఆచారం చాలాచోట్ల ఆ పనితో పాటే పోయింది. పశువుకు, ఇంటి గడపకు, ఊరి దేవరకు, అడవితో ఉన్న సంబంధానికి ముడిపడినది ఏదో ఒక రూపంలో నిలిచింది. పంటను నలుగురికీ పంచే కట్టుబాటుతో ముడిపడినది అన్నింటికంటే ఎక్కువగా దెబ్బతిన్నది. ఈ తేడాకు కారణాలను రైతుల భక్తిలో హెచ్చుతగ్గులలో కంటే సేద్యం నడిచే తీరులోనే వెతకవలసి ఉంటుంది.

కళ్లం, రాశి, మేర

కోసిన వరిని చేలోనే పిడికెళ్లుగా పరిస్తే వాటిని పనలు అంటారు. పనలు ఆరాక కట్టలు కట్టి, వాన నీరు లోపలికి దిగకుండా కుప్ప వేసి, కొంతకాలం కుప్పలోనే మాగనిచ్చి, తీరిక చూసుకొని నూర్చడం పాత పద్ధతి. చేనులోనో గట్టు పక్కనో నేలను చదునుచేసి, తడిపి, తొక్కి గట్టిపరచి, పేడనీళ్లతో అలికి నూర్పిడికి సిద్ధం చేసిన చోటును కళ్లం అని, తెలంగాణలో కల్లం అని అంటారు. నడుమ గుంజ పాతి దాని చుట్టూ ఎడ్లను వరుసగా కట్టి తిప్పడం బంతి తోలడం. గాలివాటం చూసుకొని చేటతో గింజను ఎత్తునుంచి జారవిడిచి తాలును వేరుచేయడం తూర్పారబట్టడం. పొల్లు పోగా మిగిలిన గింజల పోగు రాశి. ఈ పనులన్నీ నేల మీద, పశువు సాయంతో, పదిమంది చేతుల మీదుగా జరిగేవి గనుక ప్రతి మలుపు దగ్గరా ఒక కట్టుబాటు ఉండేది. అలికిన కళ్లంలోకి చెప్పులతో అడుగుపెట్టేవారు కారు. రాశి పోశాక దాని చుట్టూ బూడిదతో గీత గీసి, పైన పేడముద్ద ఉంచి, అందులో గరికనో తంగేడు పువ్వునో గుచ్చి, కొబ్బరికాయ కొట్టిన తరువాతే కొలతకు దిగేవారు. బూడిద గీతకు దిష్టి నివారణ అనే అర్థంతో పాటు రాత్రిపూట ఎవరైనా రాశిని కదిలిస్తే తెల్లవారేసరికి తెలిసిపోయే ఉపాయమూ అందులో ఉంది. కళ్లం ఆచారాల్లో నమ్మకాన్నీ జాగ్రత్తనూ విడదీసి చూపడం చాలాసార్లు సాధ్యం కాదు.

కొలత సాగినంతసేపు మాటలు తగ్గించి, కొలిచే మనిషి పైకి చెప్పే లెక్క ఒక్కటే వినబడేలా చూసుకునేవారు. మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని పలికి, ఆ తరువాత రెండు, మూడు అని సాగించడం తెలుగునాట విస్తృతంగా ఉన్న అలవాటు. 1956 నాటి తూకాలు, కొలతల ప్రమాణాల చట్టం తరువాత కుంచం, తూము, పుట్టి లెక్కలు క్రమంగా కిలోలకు, క్వింటాళ్లకు చోటిచ్చాయి. నేటి ధాన్యం లెక్క బస్తాలలో, కాటా మీద సాగుతుంది. కళ్లంలో మూగవోయిన ‘లాభం’ మాత్రం సంతల్లో నిమ్మకాయలో మామిడికాయలో లెక్కపెట్టి వేసే అమ్మకందారుల నోట ఇప్పటికీ వినబడుతుంది.

రాశి ఇంటికి కదలకముందే అందులో ఇతరుల వాటా తీసి పెట్టేవారు. నాగలి చేసిన వడ్రంగికి, కర్రు సాగగొట్టిన కమ్మరికి, కుండలిచ్చిన కుమ్మరికి, చాకలికి, మంగలికి, చెరువు తూము చూసే నీరటికి, తోలు సామాను సమకూర్చి ఏడాది పొడవునా పొలం చాకిరీ చేసిన మాదిగ కుటుంబాలకు కళ్లంలోనే కొలిచి ఇచ్చే ఈ ధాన్యాన్ని మేర అంటారు. చేలో రాలిన కంకులను పేదలు ఏరుకోనివ్వడం, అంటే పరిగె, దీనికి తోడైన మరో కట్టుబాటు. పంటపై భూమిగల కుటుంబానికే కాక ఊరికీ హక్కు ఉందని మేర చాటిన మాట నిజమే గానీ, అది సమానుల మధ్య పంపకం ఎన్నడూ కాలేదు. ఎవరికెంత అన్నది కులం నిర్ణయించేది. దళిత కుటుంబాలు తమ శ్రమకు తగిన ఫలాన్ని కళ్లం అంచున నిలబడి దయగా అందుకోవలసి వచ్చేది. నగదు కూలీ వచ్చాక ఆ కుటుంబాల్లో అనేకులు మేరను తామే విడిచిపెట్టారు. కాబట్టి మేర కనుమరుగు కావడాన్ని పూర్తిగా నష్టంగా లెక్కగట్టే రచనలు ఆ కళ్లం అంచున నిలబడిన వారి వైపు నుంచి చూడని రచనలే. పరిగె సంగతి వేరు. అది పోవడం వల్ల భూమిలేని ఇళ్లలోని వృద్ధులకు, ఒంటరి స్త్రీలకు నేరుగా తిండిగింజలే తగ్గాయి. ఇప్పుడు డెల్టాలో కోతలైన చేలలో గింజలు ఏరేవి ఎక్కువగా బాతుల మందలే.

యంత్రం రావడానికి కారణాలు

తెలుగు రైతు కళ్లాన్ని వదులుకోవడం ఇష్టపడి ఒక్కసారిగా తీసుకున్న నిర్ణయమని చెప్పలేము. డెల్టాలో తొలకరి పంటను సార్వా అని, కాలువ నీటితో పండే రెండో పంటను దాళ్వా అని అంటారు. సార్వా కోత నవంబరు, డిసెంబరు నెలల్లో, సరిగ్గా బంగాళాఖాతపు తుపానుల కాలంలో పడుతుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచెత్తిన ఉప్పెన మొదలుకొని 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ దాకా, పనల మీద ఉన్న పంటను నీళ్లపాలు చేసిన తుపానులు డెల్టా రైతుల జ్ఞాపకంలో వరుసగా ఉన్నాయి. వారాల తరబడి పనల మీద, కుప్పల మీద పంటను ఉంచడం కంటే గంట అటూ ఇటూలో ఎకరం కోసి, నూర్చి, గింజను ట్రాక్టరు తొట్టిలో పోసే యంత్రం రైతుకు ప్రాణం కుదుటపరిచే సాధనంగా కనబడటంలో ఆశ్చర్యం లేదు. వ్యవసాయ కూలీలు పట్టణాలకు తరలడం, ఉన్నవారికి ఇతర పనులు దొరకడం, కోతల నాలుగు వారాల్లో కూలి రేట్లు పెరగడం దీనికి తోడయ్యాయి.

యంత్రం కోసిన గింజ కుప్పలో మాగిన గింజ వంటిది కాదు. దానిలో తేమ ఎక్కువ. మద్దతు ధరకు కొనే కేంద్రాల్లో ధాన్యపు తేమ 17 శాతానికి మించకూడదన్న నిబంధన ఉంది గనుక, కళ్లం లేని రైతు తారురోడ్డు మీద, బడి ఆవరణలో, మార్కెట్ యార్డులో పట్టాలు పరచి ధాన్యాన్ని ఎండబెట్టుకోవలసి వస్తున్నది. మెట్ట ప్రాంతాల్లో ఉలవలు, కందులు, రాగుల కట్టెను రోడ్డు మీద పరచి వచ్చే పోయే వాహనాల చక్రాల కింద నూర్చడమూ మామూలైంది. అలికిన నేల, గుంజ, ఎడ్లు లేని ఈ తావుల్లో పాత తంతుకు చోటు లేదు. అయినా చాలా ఊళ్లలో మొదటిసారి చేలోకి దిగే కోతయంత్రానికి పసుపు కుంకుమలు పెట్టి, ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఆ యంత్రం నడిపే మనిషి తమిళనాడు నుంచో పంజాబు నుంచో వచ్చిన వాడైనా ఆ కాసేపు ఆగుతాడు. దసరా నాటి ఆయుధపూజలో ట్రాక్టరు చేరినట్టే, తొలికోత పూజలో కోతయంత్రం చేరింది. పూజ నాగలికీ కొడవలికీ జరిగినంత సహజంగానే యంత్రానికీ జరగడం చూస్తే, ఇక్కడి ఆచారానికి ఎప్పుడూ పనిముట్టే కేంద్రమని అర్థమవుతుంది.

గడపకు కట్టే కంకులు

కోనసీమ, గోదావరి జిల్లాల్లో కొత్త వరికంకులతో కుచ్చులు అల్లి ఇంటి ముంగిట, గుడి మండపంలో పిచ్చుకల కోసం వేలాడదీసే అలవాటు ఉంది. ఇందుకు పూర్తిగా ఎండిపోని కంకులను పొడవాటి కాడతో కోయాలి. ఎండిన కాడ వంచితే విరుగుతుంది. కాడలను తడిపి మెత్తబరచి, రెండు మూడు కంకులను ఒక పాయగా పట్టి, జడ అల్లినట్టు ఒక్కొక్క పాయను కలుపుకుంటూ పోతే, పైభాగం చాపలా బిగిసి, కంకులన్నీ కిందికి జాలుగా వేలాడతాయి. అల్లిక వదులైతే పిచ్చుక వాలిన బరువుకే కంకులు జారిపోతాయి గనుక ఇది చేయి తిరిగినవారి పని. కోతయంత్రం కాడను ముక్కలు చేసి వెనుక విసిరివేస్తుంది కాబట్టి యంత్రంతో కోయించిన పొలంలో కుచ్చుకు పనికివచ్చే కంకి దొరకదు. అందువల్ల కుచ్చు కావాలనుకున్న రైతు చేను మూలలో కొంత జాగా కొడవలి కోతకు వదులుకుంటాడు.

ఈ మూలను వదలడానికి ఇంకొక కారణం గడ్డి. యంత్రం విదిల్చిన గడ్డి నలిగి, మట్టి పట్టి ఉంటుంది గనుక, పాడి ఉన్న ఇళ్లవారు వాము వేయడానికి చేతికోత గడ్డినే కోరుకుంటారు. పాడిపశువు ఉన్న ఇంట్లో కొడవలి, కట్ట, కుప్ప, చిన్న కళ్లం కొంతైనా మిగిలి ఉంటాయి; వాటితో పాటు వాటి ఆచారాలూ మిగులుతాయి. పశువు వెళ్లిపోయిన ఇంట్లో సంక్రాంతి ముగ్గులో గొబ్బెమ్మకు కావలసిన పేడ కూడా పక్కింటి నుంచి తెచ్చుకోవలసిందే. పంటకోత ఆచారాలు నిలవడానికి అన్నింటికంటే బలమైన ఆధారం ఏదని అడిగితే పశువు అనే చెప్పవలసి ఉంటుంది.

కనుమ

సంక్రాంతి సౌరమానపు పండుగ గనుక జనవరి 14, 15 తేదీల దగ్గర నిలకడగా వస్తుంది. సార్వా ధాన్యం ఇంటికి చేరిన సమయం కూడా అదే. దాళ్వా, తెలంగాణలో యాసంగి అనే రెండో పంటల దిగుబడి ఎంత పెరిగినా వాటి కోతకు సంక్రాంతి వంటి పెద్ద పండుగ ఏర్పడలేదు. భోగి, సంక్రాంతి, కనుమలలో సేద్యానికి అతి దగ్గరైనది కనుమ.

చిత్తూరు ప్రాంతంలో కనుమ పశువుల పండుగగా సాగే తీరు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అడవి నుంచి మద్ది, నేరేడు వంటి చెట్ల బెరళ్లు, నల్లేరు కాడలు, రకరకాల ఆకులు, పూలు తెచ్చి, ఉప్పు చేర్చి రోట్లో దంచి, ఆ ముద్దను పశువుల చేత తినిపిస్తారు. దీన్ని ఉప్పుచెక్క అంటారు. రుచించని ముద్దను నోరు తెరిపించి నాలుక మీద రుద్ది మింగించే ఈ పని ఏడాదికొకసారి ఇచ్చే మందుగా కూడా పనిచేస్తుందని రైతులు భావిస్తారు. ఆపైన పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు గంటలు కట్టి, సాయంత్రం కాటమరాజు రాయి దగ్గరికి తోలుకుపోతారు. కాటమరాజు యాదవుల కథాచక్రంలోని వీరుడు; పుల్లరి అనే పచ్చిక పన్ను తగవులో నెల్లూరు రాజుతో పోరాడినట్టు ఆ కథ చెబుతుంది. పశువు మేతకు హక్కు కోసం పోరాడినవాడిని పశువుల పండుగ నాడు కొలవడంలో ఈ ఆచారం ఎంత లోతుగా వేళ్లూనుకొని ఉందో కనబడుతుంది. అక్కడే పొంగలి వండి నైవేద్యం పెట్టి, కట్టెల పోగుకు నిప్పంటించి, పశువులను దాని పక్కగా బెదిరించి తోలుతారు. ఈ పోగు పేరు చిట్లాకుప్ప. పూజలోని అన్నాన్ని, అంటే పొలిని, ఒకరు కేకలు వేస్తూ ఊరి పొలాలన్నింటిలో చల్లివస్తారు. పొలి చల్లే మనిషి ఎవరి చేను గట్టు దగ్గరా ఆగి యజమాని ఎవరని అడగడు. ఊరి సరిహద్దులోని భూమి అంతా ఒక్కటిగా కాపాడబడాలన్నదే ఆ తంతు ఉద్దేశం.

కోనసీమలో అదే రోజు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. వెదురుతో కట్టి రంగు బట్టలతో అలంకరించిన పెద్ద చట్రమే ప్రభ. దాని నడుమ శివుని ప్రతిమ ఉంటుంది. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులుగా భావించే మూర్తులు ప్రభల మీద ఈ కొబ్బరితోటకు వస్తాయి. తోటలో గుడి లేదు. ఆ ఒక్క పూట తోటే గుడి. గంగలకుర్రు వైపు నుంచి వచ్చే ప్రభలను యువకులు భుజాల మీద మోస్తూ పొలాలకు అడ్డంగా నడిచి, కౌశిక కాలువ నీటిలోకి దిగి, ప్రభ ఒరగకుండా అవతలి గట్టుకు చేరుస్తారు. దారిలో పైరు నలిగినా రైతులు దాన్ని శుభంగానే తలుస్తారు తప్ప అడ్డు చెప్పరు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థాన్నే ప్రదర్శించింది. అటువంటి గుర్తింపు జనాన్ని పెంచింది గానీ తీర్థాన్ని నడిపేది నేటికీ ఆ పదకొండు ఊళ్ల వంతులు, బాధ్యతలే. ఏ ఊరి ప్రభను ఎవరు మోయాలి, ఏది ముందు రావాలి అన్న లెక్క వారి దగ్గరే ఉంది.

పంట ఇంటికి వచ్చిన నెలలోనే ఊరూరా తిరిగే హరిదాసులు, గంగిరెద్దుల వారు కూడా పంటలో వాటా పొందే వారే. చేటెడు ధాన్యం ఇచ్చే ఇల్లు తగ్గి, చిల్లర నోట్ల కాలం కూడా దాటి, ఇప్పుడు గంగిరెద్దు నుదుటి మీద క్యూఆర్ కోడ్ బిళ్ల వేలాడుతున్నది. 2021లో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ అటువంటి దృశ్యాన్ని పంచుకోవడంతో అది దేశమంతా తెలిసింది. కొందరు హరిదాసులు రెండు చక్రాల బండి మీద మైకుతో తిరుగుతున్నారు. ధాన్యం పోయి డబ్బు వచ్చినా, పంట కాలంలో ఒక కళాకారుడు గడప ముందుకు రావడం, ఇంటివారు అతణ్ని ఉత్తచేతులతో పంపకపోవడం అనే సంబంధం నిలిచింది.

కొత్తల పండుగలు

మన్యంలో కోయ, కొండరెడ్డి, సవర, బగత తదితర ఆదివాసీ సమాజాల్లో పంటకోత ఆచారానికి రూపమే వేరు. ఇక్కడ పండుగ జరిగేది కోసిన పంటకు ముగింపుగా కాక, తినడానికి అనుమతిగా. కొత్తగా పండినదాన్ని దేవతకూ పూర్వీకులకూ పెట్టే దాకా ఎవరూ నోట పెట్టకూడదన్న నియమాన్ని ఊరంతా పాటిస్తుంది. మామిడికి, సామలకు, చిక్కుళ్లకు, కందులకు వేర్వేరుగా జరిగే ఈ పండుగలను కొత్తలు అని, కొత్తల పండుగ అని అంటారు. సీతంపేట వైపు సవరల కందికొత్తలు వీటిలో ప్రసిద్ధమైనవి. తేదీని పంచాంగం నిర్ణయించదు. పంట పక్వత చూసి ఊరి పెద్దలు, పూజారి కూర్చొని నిర్ణయిస్తారు. గోదావరి కనుమల్లోని కొండరెడ్ల జీవితాన్ని పరిశీలించిన మానవశాస్త్రవేత్త క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన గ్రంథంలో తొలిపంట ఆచారాలను వివరంగా నమోదు చేశాడు.

ఈ నియమానికి ఉన్న ఫలితం స్పష్టమైనది. కాయ ముదరక ముందే ఒకరు కోస్తే అందరూ పోటీపడి కోస్తారు. అలా కోసిన కాయలో విత్తనం తయారై ఉండదు. పండుగ దాకా ఆగడం వల్ల కాయ పక్వమవుతుంది, విత్తనం మిగులుతుంది, ముందుగా చేరిన వారికే అంతా దక్కే పరిస్థితి తప్పుతుంది. ఈ కొత్తలు మైదానపు ఆచారాల కంటే గట్టిగా నిలవడానికి కారణం కూడా ఇదే కావచ్చు: అవి పనిముట్టుకు కాక తిండికి ముడిపడి ఉన్నాయి. వాటిని నిజంగా కదిలించగలిగింది యంత్రం కాదు, స్థానభ్రంశం. పోలవరం ప్రాజెక్టు ముంపు వల్ల గోదావరి ఒడ్డు ఊళ్లను విడిచి పునరావాస కాలనీలకు చేరిన కోయ, కొండరెడ్డి కుటుంబాలకు ఇల్లు, స్థలం లెక్కగట్టి ఇవ్వవచ్చు గానీ, కొత్త పెట్టవలసిన గట్టును, చెట్టును, దేవర ఉన్న తావును లెక్కగట్టే పట్టిక ఏదీ లేదు. పరిహారపు చర్చల్లో ఈ నష్టానికి చోటు దక్కకపోవడం తీవ్రమైన అన్యాయం.

విత్తనాల ఊరేగింపు, కౌలుదారు కళ్లం

ఉన్న ఆచారాన్ని కాపాడుకోవడంతో పాటు, దాని ఒరవడిలో కొత్తదాన్ని నిర్మించిన ఉదాహరణ జహీరాబాద్ ప్రాంతంలో కనబడుతుంది. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువగా దళిత సన్నకారు రైతులు, జొన్న, కొర్ర, సామ, కంది వంటి పంటలను ఒకే చేలో కలిపి పండిస్తూ పాత విత్తనాలను నిలిపారు. సంక్రాంతి రోజుల్లో వారు మొదలుపెట్టే పాత పంటల జాతరలో అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాల కుండలు ఊరూరా తిరుగుతాయి. ఊరి పొలిమేరలో బండ్లకు ఎదురువచ్చి స్వాగతం చెప్పడం, పాటలు, విత్తనానికి పూజ అన్నీ దేవర ఊరేగింపు తీరులోనే ఉంటాయి. బండి మీద ఉన్నది మాత్రం విత్తనం. పూర్వం కళ్లం అంచున మేర కోసం నిలబడిన కుటుంబాల స్త్రీలే ఇక్కడ విత్తనాల యజమానులుగా ఊరేగింపును నడపడం ఈ జాతరలో అన్నింటికంటే ముఖ్యమైన మార్పు. ఈ సంఘాల కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం లభించింది.

విత్తనాలను నిలిపినట్టే కళ్లం పనుల పదజాలాన్ని నిలిపిన పండితుల కృషి కూడా చెప్పుకోవాలి. భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించగా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించబడింది. బంతి, తూర్పార, మేర వంటి మాటలు ప్రాంతానికొక రూపంలో ఇంకా వాడుకలో ఉన్నప్పుడే చేసిన సేకరణ అది.

నేడు కోస్తా జిల్లాల్లో ఈ ఆచారాలను ఎవరు నడుపుతున్నారన్న ప్రశ్నకు సమాధానం భూమి పత్రాల్లో దొరకదు. భూయజమానులు అనేకులు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడగా, సాగు చాలావరకు కౌలుదారుల చేతిలో ఉంది. యజమాని కుటుంబం సంక్రాంతి మూడు రోజులకు ఊరికి వచ్చి ముంగిట ముగ్గు, అరిసెలు, కొత్త బట్టలతో పండుగ జరుపుకుంటుంది. యంత్రానికి కొబ్బరికాయ కొట్టడం, మూలలోని కంకులు కోయడం, పశువును కడిగి అలంకరించడం, పొలి చల్లించడం కౌలుదారు ఇంటివారి వంతు. ఒకే పండుగ ఇలా రెండిళ్ల మధ్య చీలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం, విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినా, యజమాని అంగీకారం లేక గుర్తింపు కార్డు అందని కౌలు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పంట రుణానికీ తుపాను పరిహారానికీ రైతులుగా లెక్కకు రాని ఆ కుటుంబాలే రాశి దగ్గర మొదటి దోసిలి ఎత్తుతున్నాయి.